గౌస్ చాచాకు చూపించని గేర్లు

ఆ రోజు గోదావరి రేవులో నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. ఒక పాత కారుకు గేరు బాక్సు మార్చాను. మారిన గేర్లు దాని డ్రైవర్‌కు చూపించలేదు. ఆ కారణంగా కారు నీళ్లలో పడితే, అందరి ముందు తప్పును ఆయన మీదికి తోశాను. ఒక్క అబద్ధం కూడా ఆడకుండానే తోశాను.

మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నా అనుభవాలు రాయమన్నారు. బాగుచేసిన బండ్ల గురించి రాద్దామనే కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఈ రేవు దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. అందుకని దీని గురించే రాస్తున్నాను.

లస్మయ్య ఉస్తాద్

మాది మెట్‌పల్లి. ఇంట్లో మగ్గం. బాపు నేసేవాడు, అవ్వ కండెలు చుట్టేది. మగ్గం ముందు కూర్చుంటే నాకు కాళ్లు ఆగేవి కావు. పోలీసు చర్య తర్వాత కరీంనగర్ వచ్చి లస్మయ్య ఉస్తాద్ షెడ్డులో చేరాను. అది జాగీర్దార్లు, దొరలు తమ కార్లను అమ్ముకుంటున్న కాలం. వకీళ్లు, డాక్టర్లు, కట్టె కంట్రాక్టర్లు వాటిని కొనుక్కునేవారు. కారైతే చేతికి వచ్చేది గానీ, దాని సామాను దొరికేది కాదు. చేసిన కంపెనీ సముద్రం అవతల ఉండేది, కొన్నిసార్లు అది కూడా మూతపడి ఉండేది. కాబట్టి మా పనిలో సగం రిపేరు, మిగతా సగం ఒకదాని సామాను ఇంకొకదానికి ఒప్పించడం.

ఉస్తాద్ తక్కువ మాట్లాడేవాడు. నడుస్తున్న బండిలో గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకుని, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అరిగి ఉండేది. పదోసారి తప్పితే ఆయనే ముందు నవ్వేవాడు. పానాలూ పనిముట్లూ నేల మీద పడేస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. "అన్నం తినే పల్లెం కాళ్ల కింద పెడ్తవారా?" అనేవాడు.

చేరిన మూడో ఏడు నేనొక లారీ గేరు బాక్సు ఎక్కిస్తున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతాను. గేరు బాక్సు ముందు ఒక షాఫ్టు పొడుచుకుని ఉంటుంది. అది క్లచ్ ప్లేటు నడుమ ఉన్న రంధ్రంలోకి తిన్నగా దిగాలి. దిగిందని చేతికి తెలుస్తుంది, బాక్సు తనంతట తానే జారి ఇంజినుకు ఆనుకుంటుంది. అలా ఆనకముందే బోల్టులు వేసి, బిగించి లాగకూడదు. నేను లాగాను. టక్కుమని బాక్సు హౌసింగ్‌కు బోల్టు పట్టే చెవి ఒకటి విరిగి నా గుండెల మీద పడింది.

లారీ యజమాని పటేలు అక్కడే బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఉస్తాద్ బండి కిందికి వంగి చూశాడు. లేచి చేతులు తుడుచుకుని, "నా చేతిల పగిలింది పటేలా. రెండు దినాలు ఆగు, ఇత్తడి పోసి అతికిచ్చి ఇస్త" అన్నాడు. పటేలు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఉస్తాద్ తల వంచుకుని అంతా విన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు. మరునాడు మాత్రం రెండు పొడుగాటి బోల్టులు తెచ్చి, వాటి తలలు కోయించాడు. వాటిని ఇంజినుకు బిగించి, బాక్సును వాటి మీద పట్టాల మీద నెట్టినట్టు నెట్టడం నేర్పించాడు. నేను పనిచేసినన్నాళ్లూ ఆ పద్ధతి విడిచిపెట్టలేదు. మీరూ విడిచిపెట్టకండి.

పని నేర్చుకున్నాను. ఆయన పటేలు ముందు చేసినదాన్ని మాత్రం నేర్చుకోలేదు. అది రేవులో తేలింది.

వకీలు సాబ్ కారు

కరీంనగర్‌లో ఒక వకీలు సాబ్ ఉండేవాడు. ఆయనకో నల్ల విలాయతీ కారు. ఒక జాగీర్దారు అమ్ముకుంటే కొన్నాడు. దానితో పాటే గౌస్ మియా వచ్చాడు. అమ్మేటప్పుడు జాగీర్దారు పెట్టిన షరతు అదొక్కటే అంటారు: బండిని గౌస్ తప్ప వేరేవాళ్లు ముట్టుకోవద్దు. చిన్నా పెద్దా అందరూ ఆయనను గౌస్ చాచా అనేవాళ్లం. సన్నటి మనిషి, తెల్ల టోపీ, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ. బండి ఆగితే చాలు, ఆ గుడ్డతో అద్దం తుడిచేవాడు. గేరు మార్చినప్పుడు ఆయన చెయ్యి కదిలినట్టు కూడా కనిపించేది కాదు. వెనుక కూర్చుని కాగితాలు చదువుకునే వకీలు సాబ్‌కు ఎప్పుడు ఏ గేరు పడిందో తెలిసేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండు మూడేళ్లకు ఆ కారు గేరు బాక్సు పళ్లు రాలిపోయాయి. విప్పితే నూనెతో పాటు ఇనుప ముక్కలు కారాయి. హైదరాబాద్‌లో వెతికించాం, లేదు. ఉస్తాద్ అప్పుడు కంటి ఆపరేషన్ కోసం పట్నం పోయి ఉన్నాడు. షెడ్డు నా మీద విడిచిపోవడం అదే మొదటిసారి. కొత్తది దొరకకపోతే మరో బండిదైనా వేసి నడిపిస్తానని వకీలు సాబ్‌కు మాట ఇచ్చాను.

సుల్తానాబాద్‌లో ఒక రైసు మిల్లు వెనుక అదే కంపెనీ చిన్న వ్యాను తుక్కుగా పడి ఉంది. దాని గేరు బాక్సు బాగుంది. కారుది మూడు గేర్లది, ఇది నాలుగు గేర్లది. తెచ్చి పక్కపక్కన పెట్టి కొలిచాను. ఇంజినుకు బిగించే రంధ్రాల్లో కొన్నే కలిశాయి, కాబట్టి నడుమ ఒక మందపాటి ఇనుప పలక చేయించాను. కొత్త బాక్సు నాలుగు వేళ్లు పొడుగు, కాబట్టి వెనుక చక్రాలకు పోయే షాఫ్టును ఖరాదు (లేత్ మిషను) దగ్గర అంతమేర కోయించి మళ్లీ అతికించాను. క్లచ్ ప్లేటును సరిగ్గా నడుమ నిలపడానికి చెడిపోయిన బాక్సులోని షాఫ్టే పనికొచ్చింది. దాన్ని గుచ్చి ప్లేటు బిగించి, తర్వాత లాగేశాను. తల లేని బోల్టుల మీద బాక్సును నెడితే, వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. ఆ క్షణం నా సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది. పక్కన ఉస్తాద్ ఉంటే బాగుండుననుకున్నాను.

మిగిలింది ఒక చిన్న స్ప్రింగు. పాత బాక్సులో రాడ్డును అవతలికి నెట్టి వెనక్కి లాగితే ఫస్టు గేరు. కొత్తదాంట్లో అవతలికి నెట్టి ముందుకు తొయ్యాలి. ఇంకాస్త అవతలికి నెట్టి వెనక్కి లాగితే రివర్సు. పొరపాటున రివర్సులోకి పోకుండా అక్కడ ఒక గట్టి స్ప్రింగు రాడ్డును ఆపుతుంది. సుల్తానాబాద్ బాక్సులో ఆ స్ప్రింగు విరిగిపోయి ఉంది. తర్వాత వేద్దాంలే అనుకుని, అది లేకుండానే మూత బిగించాను.

అంటే గౌస్ చాచా చెయ్యి ఇన్నాళ్లు ఫస్టు కోసం ఎటు పోయేదో, ఇప్పుడు అక్కడ రివర్సు ఉంది. ఆపడానికి ఏ అడ్డూ లేదు.

ఉస్తాద్ షెడ్డులో ఒక నియమం ఉండేది. గేరు బాక్సు మార్చిన బండిని ఇచ్చేముందు, ఇంజిను ఆపి, డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి, కండ్లు మూసుకుని గేర్లన్నీ వెయ్యమనేవాడు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి. కొందరు డ్రైవర్లకు అది అవమానంగా ఉండేది. ఉస్తాద్ వినేవాడు కాదు.

గౌస్ చాచా తానే అడిగాడు. "జర నన్ను కూసోనియ్ బేటా. చెయ్యికి ఎర్క కావాలె గదా."

వకీలు సాబ్‌కు మరునాడు లక్షెట్టిపేట కోర్టులో పేశీ ఉంది. నాకు తొందర. దానికి మించి, నా పనితనం నేనే నడిపి చూపించాలన్న ఉబలాటం. "నీకు చూపియ్యాల్నా చాచా? ఒక గేరు ఎక్కువైంది, గంతే" అన్నాను. పొగిడినట్టే ఉంది కదా ఆ మాట. ఆయన సిగ్గుపడి నవ్వి, వెనుక సీట్లో ఫైళ్ల పక్కన కూర్చున్నాడు. వకీలు సాబ్ నా పక్కన కూర్చున్నాడు. నేను నడిపాను.

రేవు

అప్పట్లో మా వైపు గోదావరి మీద వంతెన లేదు. రెండు పడవలను జోడించి, పైన పలకలు పరిచి, వాటి మీద బండిని ఎక్కించి దాటించేవారు. దారి పొడుగునా వకీలు సాబ్‌కు గేరు బాక్సు కథ చెప్పుకుంటూ వచ్చాను. బండిని జోడుపడవ మీదికి కూడా నేనే ఎక్కించాను. అవతలి ఒడ్డుకు చేరాక నా పని అయిపోయింది. నేను అదే పడవలో తిరిగిపోవాలి. అక్కడి నుంచి గౌస్ చాచా నడపాలి.

వకీలు సాబ్, నేను దిగి ఒడ్డున ఇసుకలో నిలబడ్డాం. పడవవాళ్ల పెద్ద పోశెట్టి, వెనుక చక్రం కింద పెట్టిన చెక్క మొద్దు తీస్తున్నాడు. గౌస్ చాచా స్టార్టు చేశాడు. ముందు ఏటవాలు పలకలు ఎక్కాలి కాబట్టి ఇంజినును కాస్త గట్టిగానే లేపాడు. క్లచ్ విడిచాడు.

కారు ఒక్క ఊపున వెనక్కి పోయింది. పోశెట్టి పక్కకు నీళ్లలోకి దుంకాడు. వెనుక చక్రాలు పలకల అంచు దాటి, కారు తోక నీళ్లలో మునిగి, ముందు దీపాలు ఆకాశం వైపు చూస్తూ ఆగింది. గౌస్ చాచా ఛాతీ లోతు నీళ్లలోంచి నడిచి వచ్చాడు. కుడి మణికట్టు మెలిపడి వేలాడుతోంది. టోపీ లేదు. ముందుగా ఆయన అడిగింది పోశెట్టికి ఏమన్నా అయిందా అని. ఏమీ కాలేదు. దేవుడి దయ, నా గొప్ప కాదు.

వకీలు సాబ్ నా వైపు తిరిగాడు. "నర్సయ్యా, గేరు బాక్సు ఏమన్న చెడ్డదా?"

"లేదు సాబ్. బాక్సు పళ్లన్నీ మంచిగనే ఉన్నయ్. రివర్సు పడ్డది, అందుకే ఎనుకకు పోయింది" అన్నాను.

"నేను ఫస్టే వేసిన సాబ్" అన్నాడు గౌస్ చాచా. మెలిపడని చేత్తో గాలిలో చూపించాడు. అవతలికి, వెనక్కి. "ఎప్పటి లెక్కనే. గిట్లనే వేసిన."

వకీలు సాబ్‌కు కారులో కూర్చోవడమే తెలుసు. ఆ చెయ్యి చెప్పినది అక్కడ అర్థమైంది నా ఒక్కడికే. నేను కారు వైపు చూస్తూ నిలబడ్డాను. పడవవాళ్లలో ఎవరో, ముసలాయనకు ముందేదో వెనుకేదో తెల్వకుండ అయిందని నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు.

ఆయన చెయ్యి

ఎడ్లను కట్టి కారును లాగాం. వకీలు సాబ్ ఎడ్లబండి కట్టించుకుని పేశీకి పోయాడు. కారు షెడ్డుకు చేరగానే నేను చేసిన మొదటి పని, ఎవరూ చూడకముందే మూత విప్పి, వేరే స్ప్రింగును కోసి అక్కడ వెయ్యడం.

వకీలు సాబ్ గౌస్ చాచాను కోపం చెయ్యలేదు. వయసైంది, ఇక ఇంట్లో ఉండమన్నాడు. గౌస్ చాచా ఎదురు చెప్పకుండా తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చాడట. వేరే చోట పని అడిగితే ఎవరూ పెట్టుకోలేదు. మోటార్ అడ్డా దగ్గరి చాయ్ హోటల్లో ఆయనకు 'రివర్సు గౌస్' అని పేరు పెట్టారు. ఆ పేరు పుట్టినప్పుడు నేనక్కడే చాయ్ తాగుతున్నాను. కొన్ని రోజులకు ఆయన మెట్‌పల్లిలో అల్లుడి సైకిల్ దుకాణానికి వెళ్లిపోయాడు.

వకీలు సాబ్ తాత్కాలికంగా ఒక లారీ డ్రైవర్‌ను పెట్టుకున్నాడు. అతను షెడ్డుకు వస్తే, సీట్లో కూర్చోబెట్టి, కండ్లు మూయించి, గంటసేపు గేర్లన్నీ నేర్పించాను. ఆ గంట నాకు చాలా పొడుగైంది. అయినా నోరు విప్పలేదు. రెండు నెలలు అలాగే గడిపాను. మెకానిక్ మాటకు ఎదురుండదు, తమ్ముళ్లూ. మూత లోపల ఏముందో మనం తప్ప ఎవరూ చూడరు. ఈ వృత్తిలో అన్నిటికన్నా ప్రమాదం అదే.

ఉస్తాద్ తిరిగి వచ్చాడు. నా పని చూద్దామని ముచ్చటపడి, ఆ కారును పిలిపించి మూత విప్పాడు. పలకను మెచ్చుకున్నాడు. అతుకును వేలితో తడిమి మెచ్చుకున్నాడు. తర్వాత కొత్త కండ్లద్దాలు సవరించుకుని, "గీ స్ప్రింగు ఎప్పుడు వేసినవ్?" అన్నాడు.

"నీళ్లల పడ్డంక."

"ముందుగాల లేకుండెనా?"

"లేకుండె."

"గౌసుకు గేర్లు చూపిచ్చినవా?"

నేను బోల్టులు ఏరి ఆయన చేతికి అందించాను. ఆయన మూత బిగించాడు. ఒక్కొక్క బోల్టునూ నిదానంగా బిగించాడు. "వకీలుకు ఎవలు చెప్తరు మరి? నేను పోవాల్నా?" అన్నాడు.

పోయేవాడే. పటేలు ముందు నిలబడ్డట్టే నా కోసం వకీలు ముందూ నిలబడేవాడు. అది తట్టుకోలేక నేనే పోయాను.

వకీలు సాబ్ అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "సాక్షి చెయ్యితోని చూపెడ్తుంటే నేను నీ దిక్కు చూసిన. ఆయన్ని ఇంకొక్క ప్రశ్న అడగలే" అన్నాడు. తాళంచెవి తీసి ఇచ్చి, పోయి ఆయన్ని పిలుచుకురమ్మన్నాడు.

ఎక్కడ అన్నానో అక్కడ

మెట్‌పల్లిలో గౌస్ చాచా ఒక సైకిల్ చక్రం తిప్పుతూ దాని వంకర సరిచూస్తున్నాడు. కారు ఆగిన చప్పుడుకు తల ఎత్తి, ముందు నన్ను కాదు, కారును చూశాడు. వకీలు సాబ్ ఆరోగ్యం ఎలా ఉందని నన్ను అడిగాడు. చాయ్ చెప్పించాడు. చాయ్ పక్కన పెట్టి, ఒక పుల్ల తీసుకుని నేల మీద గీతలు గీశాను. ఇది పాత బాక్సు, ఇది కొత్తది. ఇక్కడ ఫస్టు ఉండేది, ఇప్పుడు ఇక్కడ రివర్సు. స్ప్రింగు లేదన్న సంగతి కూడా చెప్పాను.

ఆయన ఆ గీతల మీదికి వంగాడు. చెయ్యి చాచి, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు మడిచి, పాత గేర్లు ఒకసారి, కొత్త గేర్లు ఒకసారి గాలిలో వేశాడు.

"అంటే, నా చెయ్యి సక్కగనే పోయింది" అన్నాడు.

"అవు చాచా. తప్పు నాది."

"నీ తప్పు సంగతి తర్వాత. రెండు నెలల సంది నేను గీ చెయ్యిని నమ్ముతలే, ఎర్కేనా? అన్నం తింటుంటే గూడ దీన్నే చూస్తున్న. సైకిలు తొక్కుమన్నా భయమే." ఆయన చక్రాన్ని పక్కకు పెట్టాడు. "నాకు ఎర్క లేని సంగతి కాదు నువ్వు చెప్పింది. నేను ఫస్టే వేసిన అని నాకు ఎర్కే. నీ మాట విని నేనే నన్ను నమ్మలే."

నేను కాళ్లు పట్టుకోబోతే, లేవమన్నాడు. వకీలు సాబ్ పిలుస్తున్నాడని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ లేవలేదు.

"నా ఇంట్ల చెప్తే ఏం లాభం బేటా? ఎక్కడ అన్నవో గక్కడ చెప్పు. నేను వస్త, నిలబడి వింట."

ముందు కరీంనగర్ అడ్డాకు పోయాం. చాయ్ హోటల్లో డ్రైవర్లందరి ముందు చెప్పాను. 'రివర్సు గౌస్' అని పేరు పెట్టినవాడు లేచి తన కుర్చీ ఆయనకు ఇచ్చాడు. నా ముందు చాయ్ ఎవరూ పెట్టలేదు. మరునాడు పొద్దున ఇద్దరం కారులో రేవుకు పోయాం. నడిపింది నేనే. ఆయన నా పక్కన కూర్చుని నా ఎడమ చెయ్యినే చూస్తూ వచ్చాడు. ఈసారి ప్రతి గేరూ పేరు చెప్పి వేశాను. దారిలో ఒకచోట ఆపి, ఇంజిను ఆపి, ఆయన్ని సీట్లో కూర్చోబెట్టాను. కండ్లు మూసుకోమని నేను చెప్పకముందే మూసుకున్నాడు.

రేవులో పోశెట్టి, ఇంకో నలుగురు కారును అవతలి ఒడ్డుకు దాటించారు. అక్కడే వాళ్ల ముందు నిలబడి, గేర్లు మార్చింది నేను, చెప్పనిది నేను, స్ప్రింగు లేకుండా బండి ఇచ్చింది నేను, ఆ రోజు ఇక్కడ నిలబడి అన్న మాటతో ఈయన పేరు చెడగొట్టిందీ నేనే అని చెప్పాను.

పోశెట్టి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "నేను గా చక్రం కింద పోయుంటే, నా పెండ్లానికి గూడ రెండు నెలలకే వచ్చి చెప్తువా?" అన్నాడు.

పోశెట్టి గౌస్ చాచా వైపు తిరిగి, "తెలువక నవ్వినం చాచా. మనసుల పెట్టుకోకు" అన్నాడు. గౌస్ చాచా జేబులోంచి గుడ్డ తీసి, కారు ముందు అద్దాన్ని ఈ మూల నుంచి ఆ మూల దాకా తుడిచాడు. తిరిగి దాటే వేళకు నా ముందు చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చాను.

నేను పోయి పక్క సీట్లో కూర్చున్నాను. "దిగు. పడవ మీదికి బండి ఎక్కుతుంటే డ్రైవర్ ఒక్కడే ఉండాలె" అన్నాడు.

దిగాను. ఆ రోజు పడవవాళ్లలో ఒక మనిషి తక్కువ ఉన్నాడు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, మోకాళ్ల లోతు నీళ్లలోకి పోయి, పోశెట్టికి ఎదురుగా ఏటవాలు పలకను భుజంతో పట్టుకున్నాను. ఇంజిను లేచింది. గౌస్ చాచా చెయ్యి ఎటు పోయిందో నాకు కనిపించలేదు. బండి బరువు పలక మీదుగా నా భుజం మీదికి వచ్చి, ముందుకు దాటిపోయింది.